పచ్చ తెర తీసేసినా అంచున పచ్చ ఎందుకు మిగులుతుంది?

దుర్యోధనుడి భుజకీర్తుల్లో అద్దం బిళ్లలుంటాయి. మా చిత్తూరు వైపు భారతం నాటకాలు చూసినవాళ్లకు, రాత్రి దీపాల వెలుగులో అవి ఎలా తళుక్కుమంటాయో గుర్తుండే ఉంటుంది. అలాంటి వేషం కట్టిన కళాకారుణ్ణి చంద్రగిరిలో ఒక గదిలో ఆకుపచ్చ గుడ్డ ముందు నిలబెట్టి, వెనక రాజమహల్ ఉన్నట్టు చిన్న వీడియో చేయాలని ఒక కుర్రాడు పూనుకున్నాడు. ఆ మహలున్న చంద్రగిరి కోట పురావస్తు శాఖ అధీనంలో ఉంది. లోపల వీడియో షూటింగ్ చేయాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. అందుకని రాజమహల్ ఫొటో మాత్రం తీసుకొచ్చి, మనిషిని గదిలో తీసి, కంప్యూటర్లో రెండూ కలిపాడు.

కలిపాక చూస్తే కిరీటం చుట్టూ సన్నటి పచ్చ గీత. మీసం అంచు మెట్లు మెట్లుగా ఉంది. అద్దం బిళ్లలున్న చోటల్లా భుజానికి చిల్లులు పడి, వెనక మహలు గోడ కనిపిస్తోంది.

"ఎంత తుడిచినా పోలేదన్నా. తుడిచేకొద్దీ వెంట్రుకలు పోతుండాయి గానీ పచ్చ పోలేదు" అన్నాడు.

అతను అడగకుండానే అసలు సంగతి చెప్పేశాడు. పచ్చను తుడవబోతే వెంట్రుకలు పోతున్నాయంటే, అక్కడ పచ్చా వెంట్రుకా వేరువేరుగా లేవన్న మాట. రెండూ ఒకే చుక్కలో కలిసిపోయి ఉన్నాయి.

స్వర్ణముఖిలో నీళ్లు పారే రోజుల్లో ఒడ్డున నిలబడి, నీళ్లు ఎక్కడ ఆగాయో, ఇసుక ఎక్కడ మొదలైందో గీత గీయమంటే గీయలేం. మధ్యలో తడి ఇసుక పట్టీ ఒకటి ఉంటుంది. వీడియోలో మనిషి అంచు కూడా అంతే. లెన్స్‌కుండే సహజమైన మెత్తదనం వల్ల, కదలిక వల్ల, ఒక పిక్సెల్‌లో సగం వెంట్రుక, సగం వెనక గుడ్డ పడటం వల్ల రెండు మూడు పిక్సెళ్ల వెడల్పున మిశ్రమపు పట్టీ ఏర్పడుతుంది. కీయింగ్ అంటే పచ్చను చెరిపేయడమని చాలామంది అనుకుంటారు. అసలు పని ఆ పట్టీలో ఒక్కో పిక్సెల్‌లో మనిషి వాటా ఎంత, తెర వాటా ఎంత అని లెక్కగట్టడం. తెర వాటా తీసేసి, అంతే వాటా కొత్త బ్యాక్‌గ్రౌండ్‌ను అక్కడ నింపాలి. శుభ్రమైన అంచు అంటే కత్తిరించినట్టుండే అంచు కాదు. ఈ వాటాలు సరిగ్గా పడిన అంచు.

మరి వాటాల లెక్క ఎందుకు తప్పుతుంది? అంకెలతో చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, పచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి, 0 నుంచి 255 దాకా. పచ్చ గుడ్డ మీది పిక్సెల్ 40, 180, 50 అనుకుందాం. చాలా కీయింగ్ పద్ధతుల పునాది ఒకటే: పచ్చ అంకెలోంచి మిగతా రెండింటిలో పెద్దదాన్ని తీసేసి, ఎంత మిగిలిందో చూస్తారు. గుడ్డ మీద 180లోంచి 50 పోతే 130. ఇది పూర్తి తెర. ముఖం మీద పిక్సెల్ 200, 150, 120. అక్కడ పచ్చ కంటే ఎరుపే ఎక్కువ, కాబట్టి తెర వాటా సున్నా. ఇంతవరకు బాగానే ఉంది.

ఇప్పుడు చెంప అంచున సగం ముఖం, సగం గుడ్డ కలిసిన పిక్సెల్ తీసుకుందాం. అది 120, 165, 85 అవుతుంది. 165లోంచి 120 పోతే 45. 130లో 45 అంటే సుమారు 35 శాతం. నిజంగా ఉన్న తెర 50 శాతం, లెక్కకు దొరికింది 35. దొరకని ఆ 15 శాతం పచ్చ మనిషికే అంటుకుని ఉండిపోతుంది. కుర్రాడు చూసిన సన్న గీత అదే. సాఫ్ట్‌వేర్ చెడిపోయి కాదు, చర్మంలో ఎరుపు ఎక్కువ కావడం వల్ల పచ్చ దాని చాటున దాక్కుంది.

ఇదే లెక్క నల్లటి జుట్టుకు కట్టి చూడండి. జుట్టు 20, 18, 16 అయితే సగం మిశ్రమం 30, 99, 33. తేడా 66, అంటే దాదాపు 51 శాతం. సరిగ్గా వచ్చింది. తెల్ల పంచెకూ దాదాపు అంతే వస్తుంది. పసుపు బట్టకు మాత్రం చర్మం లాగే తప్పుతుంది, 38 శాతం దగ్గర ఆగిపోతుంది. అందరూ జుట్టును చూసి భయపడతారు గానీ, వెనక తెర మీద వెలుగు సమంగా ఉంటే నల్ల జుట్టు ఈ లెక్కకు బాగానే లొంగుతుంది. మా పెళ్లిళ్లలోని పసుపు బట్టలే కష్టం.

ఈ తప్పును సరిచేయడానికే స్పిల్ సప్రెషన్ అనే రెండో పని ఉంది. పచ్చ అంకె ఒక హద్దు దాటితే దాన్ని ఆ హద్దుకు దించేస్తుంది. హద్దును ఎరుపు, నీలాల సగటుగా పెడితే చెంప అంచు మళ్లీ చర్మం రంగుకు దగ్గరగా వస్తుంది. ముఖం లోపలి భాగానికి ఏమీ కాదు, ఎందుకంటే 200, 120ల సగటు 160, ముఖంలోని పచ్చ 150 దాని కిందే ఉంది. అదే పద్ధతిని పసుపు చీర మీద వదిలితే 220, 180, 40 కాస్తా 220, 130, 40 అవుతుంది. పసుపు చీర కాషాయమైపోతుంది. పెళ్లికూతురి తల్లి కంప్యూటర్ లెక్కలు అడగదు, "మా చీర రంగు ఇది కాదే" అంటుంది, ఆమె మాటే నిజం. అలాంటప్పుడు హద్దును ఎరుపు, నీలాల్లో పెద్దదానిగా మార్చాలి, లేదా స్పిల్ సప్రెషన్‌ను అంచు పట్టీకే పరిమితం చేయాలి.

అసలు ఆకుపచ్చే ఎందుకు? మనిషి చర్మం ఏ ఛాయదైనా అందులో ఎరుపే ముందుంటుంది, పచ్చ ముందుండదు. ఇది ఒక కారణం. రెండోది కెమెరాది. మామూలు డిజిటల్ సెన్సర్ మీద ప్రతి నాలుగు కళ్లలో రెండు పచ్చకు, ఒకటి ఎరుపుకు, ఒకటి నీలానికి కేటాయించి ఉంటాయి. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ పేటెంట్ 1976లో వచ్చింది, ఇప్పటికీ చాలా కెమెరాలు ఆ అమరికతోనే నడుస్తున్నాయి. హెచ్‌డీ వీడియోలో వెలుగు లెక్కలో పచ్చ వాటా 100కి సుమారు 72, నీలం వాటా 7 మాత్రమే. పచ్చ తెర తక్కువ లైటుతోనే ప్రకాశంగా పడుతుంది, రవ్వ (నాయిస్) తక్కువగా ఉంటుంది. నీలం తెరకు లైటు ఎక్కువ కావాలి.

అయినా మన దగ్గర పచ్చ తెర కుదరని సందర్భాలు ఎన్నో. సీమంతంలో చేతినిండా ఆకుపచ్చ గాజులు, మామిడాకుల తోరణం, తమలపాకులు, తులసి మాల. ఇవన్నీ పచ్చ తెరలో కరిగిపోతాయి. అక్కడ నీలం గుడ్డే కట్టాలి. భారతంలో కృష్ణుడి వేషానికి నీలం పూస్తే మళ్లీ పచ్చకే రావాలి. గుడ్డ కొనే ముందు ఎదుట నిలబడేవాళ్లు ఏం కట్టుకుంటారు, ఏం పట్టుకుంటారు అని అడగడం పది రూపాయల ఖర్చు కూడా లేని పని. చాలామంది అడగరు.

ఇక మీసం అంచున మెట్లు ఎందుకొచ్చాయి? దీనికి కారణం రంగు దాచే తీరు. ఫోన్లు, చాలా మామూలు కెమెరాలు వెలుగును పూర్తిగా దాచి, రంగును తగ్గించి దాస్తాయి. దీన్నే 4:2:0 అంటారు. 1920×1080 ఫ్రేములో వెలుగు సమాచారం అంతా ఉంటుంది, రంగు సమాచారం మాత్రం 960×540. నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు నమూనా. మామూలుగా చూసేటప్పుడు మన కన్ను ఆ లోటును పట్టుకోదు. కానీ కీయింగ్ నడిచేది రంగు మీద, కాబట్టి ఆ నాలుగు పిక్సెళ్ల పెట్టెలే మెట్లుగా కనిపిస్తాయి. 4:2:2 రికార్డు చేసే కెమెరా ఉంటే మంచిది. లేకపోతే ఖర్చు లేని దారి ఒకటుంది: 4కేలో తీసి చివరికి హెచ్‌డీలో ఇవ్వడం. 3840×2160లో రంగు సమాచారం 1920×1080 ఉంటుంది. హెచ్‌డీకి దించేసరికి ప్రతి పిక్సెల్‌కూ తన రంగు తనకు దక్కుతుంది. నిలువెత్తు మనిషిని తీసేటప్పుడు కెమెరాను పక్కకు తిప్పి నిలువుగా తీస్తే, ఖాళీ గుడ్డ మీద వృథా అయ్యే పిక్సెళ్లు కూడా మనిషికే వస్తాయి.

కెమెరాలో ఇంకొక శత్రువు షార్ప్‌నెస్. బొమ్మ పదునుగా కనిపించాలని కెమెరా అంచుల వెంట తనే ఒక తెల్ల గీతో నల్ల గీతో గీస్తుంది. ఆ గీత మనిషిదీ కాదు, తెరదీ కాదు. తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తీయలేదు. అందుకే షార్ప్‌నెస్ పూర్తిగా తగ్గించి తీయాలి, కావాలంటే చివర్లో కలుపుకోవచ్చు. ఫోనులో బ్యూటీ మోడ్ ఆపేయాలి. ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేయాలి. లేకపోతే దుర్యోధనుడు గద ఎత్తినప్పుడల్లా పచ్చ ఒక మెట్టు మారుతుంది, మొదటి ఫ్రేముకు సరిపోయిన కీ పదో ఫ్రేముకు సరిపోదు.

షట్టర్ సంగతి కూడా చెప్పాలి. చెయ్యి ఒక సెకనులో ఫ్రేము ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్తే, 1/50 షట్టర్‌లో సుమారు 38 పిక్సెళ్ల మేర చెదురుతుంది. ఆ 38 పిక్సెళ్లూ మిశ్రమమే. 1/100 పెడితే 19కి తగ్గుతుంది. కరెంటు మన దేశంలో సెకనుకు 50 ఆవర్తనాలు, కాబట్టి సాధారణ లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. 1/50, 1/100 రెండూ దానికి పొసగుతాయి. 1/60 పెడితే గుడ్డ మీద వెలుగు అలలు అలలుగా కదిలి, అంచు వణుకుతుంది. కదలిక ఎక్కువున్న ఘట్టానికి నేను 1/100 ఎంచుకుంటాను. అంతకంటే వేగం పెంచితే అంచు తేలిగ్గా వస్తుంది గానీ నడక తోలుబొమ్మ కదిలినట్టు తెగితెగి ఉంటుంది.

లైట్ల దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. కుర్రాడి గది 10 అడుగులు. మనిషి గుడ్డకు రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. మనిషికీ గుడ్డకీ కలిపి ఒకే లైటు. మనిషి నీడ గుడ్డ మీద పడింది. నీడ కనిపించకూడదని లైటు పెంచాడు. గుడ్డ వెలిగిపోయి ఆ పచ్చ వెలుగంతా వెనక నుంచి చెవుల మీద, మెడ మీద, కిరీటపు తగరం మీద పడింది. మనిషి దూరంగా జరిగేకొద్దీ ఆ గుడ్డ అతనికి చిన్నదై, దాని వెలుగు వాటా తగ్గుతుంది. కనీసం ఆరు, వీలైతే ఎనిమిది అడుగులు వదలాలి. గుడ్డకు దాని లైట్లు వేరు, మనిషికి అతని లైట్లు వేరు. గుడ్డ ముఖం కంటే కాస్త తక్కువ వెలుగులో ఉన్నా చాలు. వేవ్‌ఫామ్ అనే వెలుగు గ్రాఫు చూసేవాళ్లయితే 50, 60 శాతం మధ్య ఉంచుకోవచ్చు. బాగా వెలిగితే మంచి కీ వస్తుందనేది నేనూ చాలాకాలం నమ్మిన అపోహ. వెలుగు ఎక్కువైతే పచ్చ తెల్లబడుతుంది, పైన చెప్పిన 130 తేడా కుంచించుకుపోతుంది. కావలసింది సమానత్వం: ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకే పచ్చ. గుడ్డకు ఇస్త్రీ చేసి, నాలుగు వైపులా లాగి కట్టాలి. మడతలో పడే నీడ కూడా ఇంకో పచ్చే.

ఈ బాధలు పడని కాలం ఒకటుంది. 1957 మాయాబజార్‌లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ, 1961 సీతారామ కళ్యాణంలో రావణుడి పది తలలకు రవికాంత్ నగాయిచ్, రంగుతో కాకుండా కెమెరాతోనే ఈ విద్య చేశారు. ఫ్రేములో కొంత భాగాన్ని మూసి తీసి, ఫిల్మును వెనక్కి తిప్పి, మూసిన భాగాన్ని తెరిచి మళ్లీ తీయడం. అంచు ఎక్కడ పడాలో వాళ్లే పెట్టేవారు. అయితే ఆ అంచు కదలదు, కాబట్టి నటుడు, కెమెరా దానికి లోబడి ఉండాలి. మనిషితో పాటు కదిలే ముసుగు కావాలంటే రంగే దారి. నీలం తెర మీద రంగుల తేడాతో లెక్కగట్టే పద్ధతికి బెన్ హర్ (1959) కోసం ఇంజనీరు పెట్రో వ్లాహోస్ పదును పెట్టాడు. 1964 మేరీ పాపిన్స్‌కు వచ్చేసరికి సోడియం దీపాల పసుపు వెలుగును తెర మీద వేసి, కెమెరాలోని పట్టకంతో ఆ ఒక్క వెలుగును వేరే ఫిల్ము మీదికి మళ్లించారు. ముసుగు విడిగా, చిత్రం విడిగా రికార్డయ్యాయి. అందుకే అందులో టోపీకి వేలాడే పల్చటి జాలీ గుడ్డ కూడా చక్కగా నిలిచింది. మన సాఫ్ట్‌వేర్లు లెక్కతో ఊహిస్తున్న దాన్ని వాళ్లు నేరుగా కొలిచారు. సినిమా చరిత్రలో నాకు ఎంతో ఇష్టమైన పరికరాల్లో అదొకటి.

ఇప్పుడు కంప్యూటర్ ముందు. కుర్రాడు చేసిన మొదటి పని, రంగు ఎంచుకుని, పచ్చ కనిపించకుండా పోయేదాకా స్లైడర్ లాగడం. అదే అంచును చంపేసింది. మొదట చూడవలసింది రంగు చిత్రం కాదు, మ్యాట్. మనిషి తెల్లగా, తెర నల్లగా, అంచు బూడిద రంగులో కనిపించే నలుపు తెలుపు చిత్రం. కీలైట్ అనే కీయింగ్ సాధనంలో స్క్రీన్ మ్యాట్ అని ఉంటుంది, మిగతావాటిలోనూ ఏదో పేరుతో ఉంటుంది. ఆ బూడిద రంగే మన సంపద. క్లిప్ బ్లాక్ స్లైడర్ పెంచినా, క్లిప్ వైట్ స్లైడర్ తగ్గించినా ఆ బూడిద మెట్లు కుదించుకుపోయి, వెంట్రుక తాడవుతుంది లేదా మాయమవుతుంది.

అంతకు ముందు చేయవలసింది గార్బేజ్ మ్యాట్. మనిషికి కాస్త దూరంగా చుట్టూ గీత గీసి, బయట ఉన్నదంతా కోసేయాలి. గది గోడలు, లైటు స్టాండు, గుడ్డ మూలల చీకట్లు అన్నీ పోతాయి. దూరంగా ఉన్న మచ్చను పోగొట్టడం కోసం ముక్కు పక్కన అంచును బలిపెట్టే అవసరం ఉండదు. తర్వాత రంగును గుడ్డ మూలలోంచి కాకుండా, జుట్టుకు దగ్గరలో ఉన్న పచ్చలోంచి తీసుకోవాలి. లెక్క అక్కడే సరిగ్గా ఉండాలి మరి.

ఒకే కీతో అంతా సాధించాలనుకోకపోవడం మంచిది. నేను రెండు చేస్తాను. ఒకటి గట్టిది: మనిషి లోపలి భాగంలో చిల్లులు లేకుండా నిండా తెల్లగా ఉండేది, దాన్ని నాలుగైదు పిక్సెళ్లు లోపలికి కుదిస్తాను. రెండోది మెత్తది: దాదాపు ఏమీ ముట్టుకోని, బూడిద మెట్లన్నీ ఉన్న అంచు కీ. గట్టిది లోపల, మెత్తది చుట్టూ. జుట్టుకు ఒకటి, బట్టలకు ఒకటి, వేగంగా ఊగే చేతికి ఒకటి అని ఇంకా విడగొట్టవచ్చు. ఉచితంగా దొరికే డావిన్చీ రిజాల్వ్‌లో డెల్టా కీయర్‌తో పాటు క్లీన్ ప్లేట్ అనే సాధనం ఉంది. తెర మీద వెలుగు ఎక్కడెక్కడ హెచ్చుతగ్గులుగా ఉందో దానికి తెలిస్తే, ఒక్కో చోట ఆ చోటి పచ్చతోనే లెక్క కడుతుంది. షూటింగ్‌లో మనిషి రాకముందు ఖాళీ గుడ్డను ఐదు సెకన్లు తీసి పెట్టుకోండి, చాలా మేలు చేస్తుంది.

స్పిల్ తీశాకే అంచు బాగుందో లేదో తేల్చాలి. చాలామంది స్పిల్ తీయకముందే పచ్చ గీత చూసి, మ్యాట్‌ను ఒక పిక్సెల్, మరో పిక్సెల్ లోపలికి జరుపుకుంటూ పోతారు. గీత ఎందుకు వచ్చిందో పైన అంకెల్లో చూశాం: అది రంగు తప్పు. రంగు తప్పుకు రంగు మందే వేయాలి. సగం పిక్సెల్‌కు మించి కుదించవలసి వస్తోందంటే ముందు ఏదో పని వదిలేశామన్న మాట.

చివరిగా, అంచు బాగుందనిపించాలంటే వెనక బొమ్మ కూడా ఒప్పుకోవాలి. రాజమహల్ ఫొటో ఎండలో తీసింది, గోడ సున్నపు ఛాయలో వెచ్చగా ఉంది. ఎండ ఎడమ నుంచి పడుతుంటే గదిలోని పెద్ద లైటూ ఎడమ నుంచే రావాలి. ఫొటో నిలబడిన మనిషి కంటి ఎత్తులో తీసి ఉంటే, వీడియో కెమెరా కూడా ఆ ఎత్తులోనే ఉండాలి. ఫొటో మరీ పదునుగా ఉంటే కాస్త మెత్తబరచాలి, ఎందుకంటే 20 అడుగుల వెనకున్న గోడ మనిషంత స్పష్టంగా ఉండటం నిజం కెమెరాలో అరుదు. రెండింటి నలుపులు ఒకే లోతులో ఉన్నాయో లేదో చూడాలి. వెనక వెలుగును ఒకటి రెండు పిక్సెళ్ల మేర మనిషి అంచు మీదికి పాకించే లైట్ ర్యాప్ ఉంది, చిటికెడంత వేస్తే చాలు. మహలు ముందున్న పచ్చిక నడుము వెనక పడితే, అక్కడ మిగిలిన కాస్త పచ్చ ఎవరికీ కనిపించదు. ఆకాశం, సున్నపు గోడ వెనక పడే తల, భుజాల మీదే సమయం పెట్టాలి.

ఆ వీడియోను మళ్లీ తీశాం. ఈసారి ఒక బడి వరండాలో, గుడ్డకు ఎనిమిది అడుగుల దూరంలో. మొదటిసారి కుర్రాడు పచ్చ గుడ్డను నేల మీదికీ, రెండు పక్కలకూ పరిచాడు. అద్దం బిళ్లలు ఆ పచ్చనే చూపించి, భుజాలకు చిల్లులు పడ్డాయి. నడుము దాకా తీసే చిత్రానికి నేల మీద పచ్చ ఎందుకు? మనిషి వెనక కావలసినంత మేరే గుడ్డ ఉంచి, పక్కల నల్ల దుప్పట్లు కట్టాం. బిళ్లలు ఇప్పుడు దుప్పటి నలుపునూ ముందు లైటునూ చూపించాయి. మీసం ఒక్కో పోగూ నిలిచింది. దుర్యోధనుడు పక్కకు తిరిగి తొడ చరిచేటప్పుడు మాత్రం ఎడమ భుజం చివరి బిళ్ల వెనక గుడ్డను పట్టేసింది. రెండు సెకన్లు, 50 ఫ్రేములు. ఆ ఒక్క బిళ్ల చుట్టూ కుర్రాడు ఫ్రేము ఫ్రేముకూ చేత్తోనే గీత గీసుకుంటూ కూర్చున్నాడు.